పొద్దుటి మాత్ర

ఆ వేసవిలో మా అత్తగారు తన చేత్తో చేసిన కుమిస్ తాను తాగలేదు. మా లోయలో ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు. గుర్రప్పాలు పులియబెట్టి ఆ కుమిస్ చేయడంలో ఆవిడకు సాటి వచ్చేవాళ్ళు కొండకు ఇటూ లేరు, అటూ లేరు. నగరం నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్ళు దారిలో ఎన్ని గుడారాలు కనిపించినా ఆగేవాళ్ళు కాదు. "బాత్మా ఎజె గుడారం ఎక్కడ?" అని, ఆవిడ పేరుకు 'అక్క' చేర్చి అడుగుతూ నేరుగా మా దగ్గరికే వచ్చేవాళ్ళు.

జూన్ మొదట్లో మందతో 'జైలో' అని మేం పిలుచుకునే వేసవి మేత కొండలకు ఎక్కాం. గుడారం నిలబెట్టడం అయిందో లేదో, అత్తగారు నన్ను పక్కకు పిలిచారు.

"బేగాయిమ్, ఈ ఏడు నా నాలుక నువ్వే."

"అదేంటి అపా?" అన్నాను. మాలో అత్తను అమ్మను పిలిచినట్టు అపా అనే పిలుస్తాం.

"పులిసింది తాగొద్దంది డాక్టరమ్మ. మత్తుంటుంది, నా మాత్రకి పడదంది. అప్పుడే పితికిన పాలైతే తాగొచ్చట. నేను చిలుకుతా, నువ్వు రుచి చూసి చెప్పు."

పెళ్ళయి వచ్చాక అది నాకు రెండో వేసవి. "నాకేం తెలుసు అపా, నాకన్నీ ఒకలాగే ఉంటాయి!"

"నీ మొగుడు ఆకలితో చిరాకు పడుతున్నాడో, నిజంగానే కోపమొచ్చిందో తెలుస్తుందా నీకు?"

"తెలుస్తుంది."

"మొదటిరోజే తెలిసిందా?"

"లేదు. చూస్తూ చూస్తూ తెలిసింది."

"ఇదీ అంతే. తాగుతూ తాగుతూ తెలుస్తుంది పో."

అలా మొదలైంది. పొగపట్టిన తోలు సంచిలో పాలు పోసి ఆవిడ కవ్వంతో చిలికేవారు. నేను చిన్న గిన్నెతో రుచి చూసి, "పులుపుంది గానీ ముక్కుకి ఎక్కట్లేదు," అనో, "నాలుక చివర కొరికినట్టుంది," అనో చెప్పేదాన్ని. ఆవిడ సంచికి చెవి ఆనించి లోపలి బుస వినేవారు. "ఇంకో వంద పోట్లు వెయ్యాలి," అనేవారు. రుచి నాది, చెవి ఆవిడది. మామగారు గడప దగ్గర కూర్చుని జీను కుట్టుకుంటూ, "ఇద్దరు కలిస్తే గానీ ఒక ముసలిది కాలేకపోయారు," అని నవ్వేవారు.

ఆయన నవ్వడం కూడా ఆ ఏడు మాకు కొత్తే. ఎందుకంటే పోయిన చలికాలం అంతా మా ఇంట్లో నవ్వు లేదు. అత్తగారు గోడకేసి తిరిగి పడుకునేవారు. పిలిస్తే పలికేవారు కాదు, పెడితే తినేవారు కాదు. ఇంట్లో చావు లేదు, అప్పు లేదు, తగవు లేదు. ఏ కారణమూ లేకపోవడమే మాకు మరీ భయం వేసింది. మామగారు ఆవిడను ఒక్క క్షణం ఒంటరిగా వదిలేవారు కాదు. ఆవిడ పెరట్లోకి వెళ్తే ఆయన వెనకే వెళ్ళి, ఏదో పని ఉన్నట్టు నటిస్తూ నిలబడేవారు. చివరికి పక్క ఊరి నర్సు చెబితే జిల్లా ఆస్పత్రిలో డాక్టరమ్మకి చూపించాం.

మాత్ర వెంటనే పని చేయదని డాక్టరమ్మ ముందే చెప్పింది. మొదట్లో వికారం, వణుకు ఉంటాయని, ఓర్చుకోవాలని, ఆ రోజుల్లో మనిషిని కనిపెట్టి ఉండాలని చెప్పింది. ఏ ఆకుల టీ తాగుతున్నారని కూడా అడిగింది. మేం ప్రతి వేసవీ కోసి ఎండబెట్టే పసుప్పచ్చ పూల గడ్డి ఈ మాత్రతో కలిస్తే ప్రమాదమట. అత్తగారు ఇంటికొచ్చి ఆ కట్టలన్నీ తీసి, మారు మాట్లాడకుండా పొయ్యిలో వేశారు. మామగారు రోజూ పొద్దున్నే, "ఏమైనా తేడా తెలిసిందా ముసలిదానా?" అని అడిగేవారు. "తెలిసింది. వాంతొస్తోంది," అనేవారు ఆవిడ. అయినా మర్నాడు మళ్ళీ వేసుకునేవారు.

మార్చిలో ఒకరోజు అన్నాలవేళ ఆవిడ చెంచా కింద పెట్టి నాకేసి చూశారు. "ఇందులో ఉప్పు గుమ్మరించావా తల్లీ? చెరువు ఎండగట్టి తెచ్చావా?" అన్నారు. నేను తిట్లు తింటూ నవ్వేశాను. మామగారు లేచి బయటికెళ్ళి, చాలాసేపు కళ్ళు తుడుచుకుని వచ్చారు.

అందుకే జైలోలో ఆ మాత్ర మాకు పొద్దుటి పనుల్లో ఒకటైపోయింది. తొలి పితుకు అయ్యేది. రొట్టె, టీ అయ్యేవి. అత్తగారు గుడారంలో ఎత్తుగా కట్టిన చిన్న మందుల సంచిలోంచి మాత్ర తీసి, అందరి ముందూ వేసుకుని, నీళ్ళు తాగి, మళ్ళీ గుర్రాల దగ్గరికి వెళ్ళేవారు. సిగ్గు లేదు, దాపరికం లేదు. నాకు ఆవిడలో అన్నిటికంటే నచ్చింది అదే.

పెద్దాయన జూన్ నడిమిలో వచ్చారు. ఆయన మా మామగారికి అన్న. ప్రతి వేసవీ కుమిస్ కాలంలో వచ్చి, మా గుడారంలో పైస్థానంలో కూర్చుని, రక్తం శుభ్రపడేదాకా తాగి వెళ్తారు. ఆయన మాటకు మా వంశంలో ఎదురులేదు. అరవై దాటిన అత్తగారిని కూడా ఆయన ఇంకా 'కెలిన్' అనే పిలుస్తారు, కొత్త కోడలిని పిలిచినట్టు. అత్తగారు కూడా ఆయన్ను 'బైకె', అంటే బావగారూ, అని పిలుస్తూ, ఆయన ఎదుట కొత్త కోడలిలాగే తల వంచి, రుమాలు సర్దుకుని, ఒదిగి నడిచేవారు. మామగారు సరేసరి, తమ్ముడు కాబట్టి అన్న దగ్గితే తానూ దగ్గేవారు.

ఆ రోజు గుడారం నిండా నగరం అతిథులున్నారు. అత్తగారు ఎప్పటిలాగే టీ అయ్యాక మాత్ర తీశారు.

"అదేంటి కెలిన్ నోట్లో వేసుకుంటున్నావ్?" అన్నారు పెద్దాయన.

"మాత్ర, బైకె."

"దేనికి?"

"మనసుకి."

"మనసుకి మాత్రా!" ఆయన అతిథుల వైపు తిరిగారు. "విన్నారా, మా కెలిన్ మనసుకి రొంప చేసిందట!"

అందరూ నవ్వారు. అత్తగారు కూడా మర్యాదకి నవ్వారు. పెద్దాయన గొంతు తగ్గించి, ఈసారి నిజంగానే హితవు చెప్పారు. ఆయనది చెడ్డ మనసు కాదు. అదే వచ్చిన చిక్కు.

"చూడమ్మా. ఇది కుమిస్ తాగే ఇల్లు. ఒక పక్క రక్తాన్ని కడిగే కుమిస్, ఇంకో పక్క మందుల షాపు విషం. ఒక్క కడుపులో రెండూ ఎట్లా ఇముడుతాయి? కుమిస్ పట్టిన మనిషి మందు వదలాలి. మా నాన్న వదిలాడు. నేనూ నా బీపీ మాత్రలు కింద ఊళ్ళోనే వదిలేసి వచ్చా. పైగా నువ్వు చేసింది నువ్వే తాగట్లేదని లోయంతా చెప్పుకుంటున్నారు. అందులో ఏం కలిపిందోనని అనుకోరూ? అయినా నువ్వు బాగానే ఉన్నావ్. పితుకుతున్నావ్, నవ్వుతున్నావ్. బాగున్న మనిషికి మందెందుకు?"

ఆయన తన గిన్నె నిండా కుమిస్ పోయించి, రెండు చేతులతో ఆవిడకు అందించారు. మాలో భర్త అన్న చేతి గిన్నెను కోడలు కాదనదు. అత్తగారు ఒక్క క్షణం నా వైపు చూశారు. తర్వాత రెండు చేతులతో అందుకుని, ఆగకుండా తాగేశారు. మాత్ర మళ్ళీ సంచిలోకి వెళ్ళింది. అతిథులు చప్పట్లు కొట్టారు.

"ఆయన మాటల్లో ఆ చివరిదే నన్ను పడగొట్టింది," అని చాలా రోజుల తర్వాత ఆవిడ నాతో చెప్పారు. "నిజమే కదా, బాగున్నాను కదా అనిపించింది. బాగున్నది మాత్ర వల్లేనని ఎట్లా మర్చిపోయానో!"

రెండు మూడు రోజులు ఏమీ కాలేదు. పెద్దాయన మీసం దువ్వుకున్నారు. ఆ తర్వాత ఒక పొద్దున పాలు పితుకుతుండగా అత్తగారు గుర్రం కాళ్ళ దగ్గర తూలిపడబోయారు. గుర్రప్పిల్లను పట్టుకున్న నేను దాన్ని వదిలేసి ఆవిడను పట్టుకున్నాను. బకెట్టు ఒరిగి పాలు గడ్డిపాలయ్యాయి.

"తల తిరిగిందా అపా?"

"తిరగడం కాదే. కన్ను అటూ ఇటూ కదిలిస్తే తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటోంది."

ఆ రోజు నుంచి ఆవిడ ఆవిడ కాదు. నిద్ర పట్టేది కాదు. చెమటలు పోసేవి. చిన్న మాటకే మామగారి మీద విరుచుకుపడేవారు, మరుక్షణం ఏడ్చేవారు. కవ్వం నా చేతిలోంచి లాక్కుని నేలకేసి కొట్టారు ఒకసారి. ఎప్పుడూ చెయ్యి జారి గిన్నె కూడా పడేయని మనిషి. పెద్దాయన మాత్రం తృప్తిగా తల ఊపారు.

"విషం బయటికొస్తోంది. మంచిదే. ఎంత బాధపడితే అంత శుభ్రపడుతున్నట్టు. ఇంకో గిన్నె పొయ్యండి."

ఆవిడ ఎంత దిగజారితే ఆయనకు అంత గుణం కనిపిస్తోంది. ఇక దీనికి అడ్డు ఎక్కడ? పెద్దాయనకు నేను ఎదురు చెప్పలేను, మామగారు చెప్పలేరు, పగలంతా మంద వెంట ఉండే మా ఆయనా చెప్పలేరు. మళ్ళీ ఆ చలికాలం వస్తే, ఈసారి ఆవిడ మాకు దక్కుతారా అన్నదే నా భయం. మామగారు మళ్ళీ ఆవిడ వెనకాలే నడవడం మొదలుపెట్టారు. ఆయన చేతిలో కుట్టని జీను అలాగే ఉండేది.

ఎవరూ ఏమీ చేయలేనప్పుడు ఆవిడే చేశారు. మధ్యాహ్నం పితుకయ్యాక గడ్డిలో కూర్చుని ఉన్నట్టుండి, "బేగాయిమ్, గుర్రం తీసుకురా. గుట్టెక్కుదాం," అన్నారు. ఫోన్ అందేది ఆ గుట్ట మీద ఒక్కచోటే.

"ఈ తలతో గుర్రమెక్కుతారా?"

"కళ్ళు మూసుకుని కూర్చుంటా. నువ్వు పగ్గం పట్టుకుని నడిపించు. ఇది చలికాలం వచ్చిన జబ్బు కాదు పిల్లా. ఆ జబ్బు నాకు తెలుసు. దానికి కోపం ఉండదు, ఏడుపు ఉండదు, అసలేమీ ఉండదు. ఇదేదో వేరే. తెలిసినవాళ్ళని అడగాలి."

ఎవరూ అడగక ముందే మామగారు గుర్రానికి జీను వేశారు. పెద్దాయనకు వినపడేలా, "గుట్ట మీద మేకపిల్ల తప్పిపోయింది, వెతకడానికి వెళ్తున్నారు," అన్నారు. మాకు మేకలే లేవు.

గుట్టెక్కేదాకా ఆవిడ జీను కొమ్ము వదల్లేదు, కళ్ళు తెరవలేదు. ఫోన్ నేనే పట్టుకున్నాను, ఇద్దరికీ వినపడేలా.

"డాక్టరమ్మా, నేను బాత్మాని. కొండమీంచి."

"చెప్పు ఎజె. మాత్ర వేసుకుంటున్నావా?"

వేసుకుంటున్నానని చెప్పొచ్చు. చెప్పలేదు. "మానేశా. పోయిన వారం. ఒక్కసారిగా. కుమిస్ కూడా తాగా." ఒంట్లో జరుగుతున్నదంతా ఆవిడ దాచకుండా చెప్పారు. "విషం బయటికొస్తోందంటున్నారు."

"విషమూ లేదు, పాడూ లేదు. రోజూ నీ చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి నడి వాలులో చెయ్యి లాగేస్తే ఏమవుతావ్? తూలతావ్. ఇదీ అంతే. ఎందుకు మానేశావ్?"

"బాగున్నానని."

"బాగున్నావు కాబట్టే మానకూడదు ఎజె. బాగయ్యాక కూడా నెలల తరబడి వేసుకోవాలి. మానే రోజు వస్తే నేనే చెప్తా, కొంచెం కొంచెంగా తగ్గిద్దాం. నీ అంతట నువ్వు కాదు. మీ పెద్దలంతా కలిసి చెప్పినా కాదు." తర్వాత ఆమె గొంతు మారింది. "ఒకటి సూటిగా అడుగుతా, సూటిగా చెప్పు. చచ్చిపోవాలనిపిస్తోందా?"

చలికాలమంతా మేమెవ్వరం నోరు తెరిచి అడగలేకపోయిన మాట అది. అత్తగారు మాత్రం తొట్రుపడలేదు.

"చలికాలంలో అనిపించింది. ఇప్పుడు లేదు. ఇప్పుడు కొట్టాలనిపిస్తోంది, ఎవర్నైనా."

"అది నయమే. మళ్ళీ ఆ ఆలోచన వస్తే అదే క్షణంలో ఇంట్లో చెప్పు, నాకు ఫోన్ చెయ్యి. రేపు పొద్దున ఒక మాత్ర వేసుకో. ఒకటే. పోయినవన్నీ కలిపి వేసుకోకు. కుమిస్ ఆపెయ్. ఈ వారంలోనే దిగొచ్చి నాకు కనపడు."

ఫోన్ పెట్టేశాక అత్తగారు నా వైపు తిరిగారు. "విన్నావుగా. ఆ ఆలోచన వస్తే నీకే చెప్తా. పారిపోవు కదా?"

"పారిపోను అపా," అని ఆవిడ మోకాళ్ళు పట్టుకుని ఏడ్చాను. ఆవిడ నా తల నిమిరి, "ఇక చాల్లే, గుర్రం బెదురుతోంది," అన్నారు.

"మరి రేపు పెద్దాయనకి ఏం చెప్తారు?"

"ఏం చెప్పను. వేసుకుంటాను."

మర్నాడు పొద్దున గుడారంలో అందరూ ఉన్నారు. పెద్దాయన గిన్నె నింపించి ఎప్పటిలాగే రెండు చేతులతో అందించారు. అత్తగారు తల వంచి, రెండు చేతులతో అందుకున్నారు. గిన్నెను నుదుటికి ఆనించి, నా చేతికిచ్చారు. "మా ఇంట్లో కుమిస్ రుచి చూసేది ఇప్పుడు చిన్న కెలిన్," అన్నారు. ఆ తర్వాత లేచి సంచిలోంచి మాత్ర తీసి, వేసుకుని, నీళ్ళు తాగారు. బకెట్టు తీసుకుని బయటికి వెళ్ళారు. ఇంతే జరిగింది. గొంతు కూడా పెంచలేదు.

ఎండ పైకొచ్చాక పెద్దాయన తన గుర్రానికి జీను వేయమన్నారు. అవతలి గుడారానికి మారిపోయారు. ఆయన మా గుడారం వదిలి వెళ్ళాడన్న మాట లోయంతా పాకింది. అతిథులు కొన్నాళ్ళు మా గుడారం దాటి వెళ్ళారు. అన్న అలిగాడని మామగారికి అన్నం సయించలేదు. అయినా ఒక్కరోజూ భార్యను పల్లెత్తు మాట అనలేదు. పాలు మిగిలిపోతుంటే, "పోనీలే ముసలిదానా, ఈ ఏడు గుర్రప్పిల్లలైనా బలుస్తాయి," అన్నారు.

అత్తగారు అదే వారం కిందికి దిగి డాక్టరమ్మకి చూపించుకుని వచ్చారు. తలలో జివ్వుమనడం కొద్దిరోజుల్లోనే ఆగింది. కోపం తగ్గడానికి ఇంకొంచెం పట్టింది. జులై సగం గడిచేసరికి మళ్ళీ సంచికి చెవి ఆనించి, "చెవుడా నీకు? ఇంకా ఆకలి మీదుంది ఇది, చిలుకు!" అని నన్ను తిట్టడం మొదలైంది. తిట్లు వినపడగానే మామగారు జీను కుట్టడానికి కూర్చున్నారు. కార్లు కూడా ఒకటొకటిగా మళ్ళీ మా వైపు తిరిగాయి. రుచి మారిందన్నారు కొందరు, మునుపటికంటే బాగుందన్నారు కొందరు. అత్తగారు నన్ను ముందుకు తోసి, "పొగడ్త దీనికి, ఫిర్యాదైతే నాకు," అనేవారు.

ఆగస్టు చివర్లో, చలిగాలి మొదలయ్యాక, పెద్దాయన ఒక్కరే గుర్రమ్మీద వచ్చారు. లోపలికి రమ్మన్నా రాలేదు. పైస్థానంలో కూర్చునే మనిషి గుర్రప్పిల్లలను కట్టే చోటికి వచ్చి, నా చేతిలోంచి పగ్గం తీసుకుని, పిల్లను తానే పట్టుకున్నారు. మనిషి సగమయ్యారు. గడ్డం గీసుకోలేదు. అత్తగారు ఒక మోకాలు నేలకు ఆనించి, బకెట్టు ఒళ్ళో పెట్టుకుని పితుకుతున్నారు. ఆయన మొహం ఒక్కసారి చూసి మళ్ళీ పనిలో పడ్డారు. ఆ మొహంలో తన చలికాలం కనపడిందేమో ఆవిడకే తెలియాలి.

"కెలిన్," అన్నారు పెద్దాయన. "ఆ మాత్ర ఒకటివ్వు."

అత్తగారి చేతులు ఆగాయి.

"ఎవరితో అనకు. నిద్ర పట్టట్లేదు. గుర్రాలను చూసినా ఏమీ అనిపించట్లేదు. నా గుర్రాలే. ఒక్కటివ్వు, చూస్తా."

మా కొండల్లో ఉప్పు, పిండి, పాలకు వేసే తోడు, ఏది అడిగినా లేదనరు. అడిగింది భర్త అన్న అయితే అడగక ముందే ఇవ్వాలి. అత్తగారు లేచి, రుమాలు సర్దుకుని, తల వంచుకునే చెప్పారు.

"ఇవ్వను బైకె."

ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఆయనకు ఆవిడ 'ఇవ్వను' అనడం అదే మొదలు.

"ఒక్క మాత్ర! ఇంత పిసినారితనమా? నేనన్నదానికి కసి తీర్చుకుంటున్నావా?"

"గుర్రం అడగండి, జీనుతో సహా ఇస్తా. ఈ గుడారం అడగండి, ఇప్పుడే విప్పుతా. ఇది మాత్రం ఇవ్వను. ఇది నా ఒంటికి చూసి ఇచ్చింది. మీకు బీపీ ఉంది, గుండె దడ ఉంది. మీ మందులతో ఇది కలిస్తే ఏమవుతుందో నాకూ తెలీదు, మీకూ తెలీదు. ఇంతకీ ఆ బీపీ మాత్రలన్నా వేసుకుంటున్నారా?"

పెద్దాయన గుర్రప్పిల్ల మెడ నిమిరారు. "అప్పుడప్పుడూ."

"రేపు పొద్దున నేను డాక్టరమ్మ దగ్గరికి దిగుతున్నా. మీరూ వస్తున్నారు."

"జనం చూస్తే?"

"నన్ను చూశారుగా. చచ్చిపోయానా?"

మర్నాడు తెల్లారేసరికి పెద్దాయన వచ్చి, మా పాత జీపు ముందు సీట్లో టోపీ కళ్ళ మీదికి లాక్కుని కూర్చున్నారు. జీపు నడపడం ఇంట్లో మా ఆయనకూ నాకూ మాత్రమే వచ్చు, ఆయన మంద దగ్గర ఉండాలి కాబట్టి నేను నడిపాను. గుర్రాలు మగవాళ్ళకు అప్పగించాం. ఆ రోజు వాళ్ళు చేసిన కుమిస్ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

జిల్లా ఆస్పత్రి కిటికీ దగ్గర రద్దీగా ఉంది. లోపలి అమ్మాయి తల ఎత్తకుండా, "పేషెంటు పేరు?" అంది. పెద్దాయన నోరు పెగల్లేదు. వెనక వరసలో మా లోయవాళ్ళు ఇద్దరున్నారు, ఆయన్ను గుర్తుపట్టి గుసగుసలాడుతున్నారు. "పేరండీ! వరస ఆగిపోతోంది!"

మాలో కోడలు భర్త అన్న పేరు పలకదు. కలలో కూడా పలకదంటారు. వేరే ఎవరికో అదే పేరుంటే ఆ మనిషిని కూడా ఇంకేదో అని పిలుస్తుంది. అత్తగారు ఆయన పక్క నుంచి ముందుకొచ్చి, కిటికీ మీద చెయ్యి పెట్టి, ఆయన పేరూ, ఇంటిపేరూ గట్టిగా, స్పష్టంగా చెప్పారు. ఆ పేరు నేనిక్కడ రాయను, నేనూ ఆ ఇంటి కోడలినే. వెనక గుసగుసలు ఆగిపోయాయి. పెద్దాయన ఆవిడ వైపు చూశారు. ఏమన్నా అంటారేమోనని భయపడ్డాను. ఆయన మెల్లగా తల వంచారు.

డాక్టరమ్మ ఆయన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. బీపీ చూసింది, ఈసీజీ తీయించింది, ఏమేం మందులున్నాయో అన్నీ అడిగింది. కుమిస్ కోసం బీపీ మాత్రలు మానేసినందుకు గట్టిగానే చీవాట్లు పెట్టిందని ఆయన మొహం చూస్తేనే తెలిసింది. అత్తగారికిచ్చిన మాత్ర కాకుండా ఇంకోటేదో రాసిచ్చింది.

బయట పాప్లార్ చెట్ల నీడలో బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. నేను తెచ్చిన రొట్టె విరిచి ఇచ్చాను. పెద్దాయన తినలేదు. చేతిలో చిన్న మందుల పెట్టెను తిప్పి తిప్పి చూస్తున్నారు.

"పొద్దున్నేనా?"

"పొద్దున్నే. తిన్నాక," అన్నారు అత్తగారు.

"గుణం ఎప్పుడు?"

"వెంటనే కాదు. వారాలు పడుతుంది. ముందు వికారంగా ఉంటుంది, చేతులు వణుకుతాయి. మానేద్దామనిపిస్తుంది. మానకండి. ఏదున్నా డాక్టరమ్మకి ఫోన్ చెయ్యండి, లేదా మా గుడారానికి రండి. రోజూ నా ఎదురుగా కూర్చుని వేసుకోండి."

ఈసారి వచ్చిన గొంతు నేనెరిగిన పెద్దాయనది కాదు.

"అన్ని వారాలు ఏం చూసుకుని వేసుకోవాలి కెలిన్? బాగవుతానన్న నమ్మకం నాకు లేదు."

అత్తగారు రొట్టె ముక్క తీసి ఆయన చేతిలో పెట్టారు.

"నాకూ లేదు బైకె," అన్నారు. "నమ్మకం లేకుండానే వేసుకున్నాను."